ముప్పావు అంగుళం గుండు, పదిహేడుంపావు అంగుళాల రిబ్బను

కాల్పులు తర్వాత. ముందు ఊపులు లెక్కపెట్టాలి.

మీరున్నది ఇంగ్లండులో. 1742లో అచ్చు కాబోయే ఒక పుస్తకం కోసం ఇక్కడ ప్రయోగాలు జరుగుతున్నాయి. ఎదురుగా మూడు పొడవాటి కర్రల ముక్కాలి నిలబడి ఉంది, బరువులు పైకి లాగడానికి కూలీలు పాతుకునే రకం. రెండు కర్రల మధ్య పైభాగాన అడ్డంగా ఒక ఇరుసు. ఆ ఇరుసు నుంచి ఇనుప లోలకం వేలాడుతోంది. కిందికి వచ్చేసరికి అది వెడల్పాటి పలక అయింది. ఆ పలక ముఖం మీద మందమైన చెక్క దిమ్మెను మరలతో బిగించారు. ఇనుము, చెక్క, మరలు అన్నీ కలిపి తూస్తే 56 పౌండ్ల 3 ఔన్సులు. మన తూకంలో ఇరవై అయిదున్నర కిలోలు.

చేత్తో తోయండి. మెల్లగా. పెద్ద ఊపు వద్దు, కదిలీ కదలనట్టు ఊగితే చాలు. ఇటు నుంచి అటు వెళితే ఒకటి, అటు నుంచి ఇటు వస్తే రెండు. పక్కన ఒకరు గడియారం పట్టుకుని ఉన్నారు. ముప్ఫై దాకా బాగానే ఉంటుంది. ఎనభై దాటాక విసుగొస్తుంది. నూట నలభై దగ్గర మనసు ఎటో పోతుంది, అంకె తప్పితే మళ్లీ మొదటికి రావాలి. తప్పకుండా రెండు వందలు పూర్తి చేస్తే గడియారం 253 సెకన్లు చూపిస్తుంది.

తుపాకీ పేల్చే చోట ఈ నాలుగు నిమిషాల జపం ఎందుకు? లోలకం అంటే దారానికి కట్టిన రాయి కాదు. పైన సన్నటి ఇనుము, కింద బరువైన పలక, దాని మీద చెక్క. ఎక్కడ కొడితే ఎంత కదులుతుందో చూపుకు అందదు. ఊపుల కాలాన్ని బట్టి డోలన కేంద్రం, అంటే బరువంతా ఒకే బిందువులో ఉన్నా ఇదే తీరున ఊగే చోటు, ఇరుసు నుంచి అరవై రెండూ రెండు బై మూడు అంగుళాల దూరంలో ఉందని తేలింది. గురుత్వ కేంద్రం 52 అంగుళాల దగ్గర ఉంది. గుండు తగలాల్సిన చెక్క నడిబొడ్డు 66 అంగుళాల దగ్గర. ఈ మూడు పొడవులూ తెలిశాక బరువును వాటితో గుణించి భాగిస్తే ఒక సంగతి బయటపడుతుంది. గుండు తగిలే చోట ఈ లోలకం 56 పౌండ్లలా కాదు, 42 పౌండ్ల దిమ్మెలా ప్రవర్తిస్తుంది.

గుండును అరచేతిలో పెట్టుకోండి. సీసం. అడ్డుకొలత ముప్పావు అంగుళం, బరువు పౌండులో పన్నెండో వంతు, అంటే సుమారు 38 గ్రాములు. అలాంటివి 504 పోగేస్తే 42 పౌండ్లు. దిమ్మెలో దిగబడే గుండును కూడా కలిపితే 505. ఈ అంకెను గుర్తు పెట్టుకోండి, ఇంతకన్నా ముఖ్యమైనది ఇవాళ ఇక్కడ ఇంకొకటి లేదు.

ఇప్పుడు వంగి కిందికి చూడండి. లోలకం అడుగున ఒక సూది గుచ్చి, దానికి సన్నటి రిబ్బను తగిలించారు. ముక్కాలి కర్రల మధ్య అడ్డుగా బిగించిన పట్టీ మీద రెండు ఉక్కు అంచులున్నాయి, గీతల కలం పాళీలా దగ్గర దగ్గరగా. రిబ్బను వాటి మధ్య నుంచి వెళుతుంది. మర తిప్పితే అంచుల బిగువు మారుతుంది. మరీ బిగిస్తే రిబ్బను లోలకాన్ని వెనక్కి లాగుతుంది. మరీ వదులు చేస్తే లోలకం ఆగాక కూడా రిబ్బను జారుతుంది. రెండు వేళ్లతో లాగి చూస్తే సరిగ్గా ఎంత బిగువు కావాలో తెలుస్తుంది: తీస్తే రావాలి, వదిలితే నిలవాలి. అంచుల దగ్గర గుర్తు పెట్టండి. లోలకం ఎంత దూరం వెనక్కి పోతే అంత రిబ్బను బయటికి వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు రిబ్బను వదులుగా వేలాడుతుంది, కాబట్టి మొదటి ఊపు కొలత చెరిగిపోదు. లోలకాన్ని పట్టి ఆపే పని లేదు, కంటితో చూసి గీత గీసే పని లేదు. ఇంత తెలివైన పనిముట్టు ఇంత చవగ్గా తయారవడం అరుదు.

దీన్ని అమర్చిన మనిషి బెంజమిన్ రాబిన్స్. 1707లో బాత్ పట్టణంలో క్వేకర్ల ఇంట పుట్టాడు. ఆయుధం పట్టడం తప్పని నమ్మే మతశాఖ అది. అక్కడ పుట్టినవాడే తుపాకీ గుండు ఎంత జోరుగా పోతుందో సరిగ్గా కొలిచిన మొదటివాడయ్యాడు. అంతకుముందు ఫిరంగుల మీద పెద్ద పెద్ద గ్రంథాలు వచ్చాయి. గుండు పడే దూరం గురించి రాశారు, వంపు దారి గురించి రాశారు. గొట్టం నుంచి బయటికొచ్చే క్షణంలో దాని వేగం ఎంతో మాత్రం ఎవరూ సూటిగా పట్టుకోలేకపోయారు. కంటికి కనిపించని వస్తువు వేగాన్ని ఏ గడియారంతో కొలుస్తారు?

గొట్టంలో మందు పోశారు. గుండు దించి కూరారు. తుపాకీ చెక్క నడిబొడ్డుకు గురిపెట్టి ఉంది. మీరు పక్కకు రండి, ఇంకాస్త. లోలకానికి సరిగ్గా పక్కనా వద్దు. గుండు గురి తప్పి ఇనుముకు తగిలితే సీసం తునకలై చెదురుతుంది. మందు తక్కువ పోస్తే ఇంకో ప్రమాదం ఉంది, గుండు గట్టి చెక్కలోకి దిగకుండా వెనక్కి ఎగరవచ్చు. ఆ సంగతి తర్వాత.

పేలింది.

పొగ ముఖానికి కొట్టింది. గంధకం వాసన గొంతులో దిగింది. చెవుల్లో హోరు. ఆ పొగలోంచి కనిపించేది మాత్రం ఆశ్చర్యపరిచేంత నింపాదైన దృశ్యం. లోలకం ఒక మోస్తరు ఊపుతో వెనక్కి వెళ్లి, ఒక్క క్షణం నిలిచి, తిరిగి వస్తోంది. పిల్లలు ఉయ్యాల తోసినా ఇంతకన్నా జోరుగానే పోతుంది. ఇంత చప్పుడుకు ఇంతేనా అనిపిస్తుంది. ఆ అనుమానాన్ని వదలకండి, కాసేపట్లో అదే పనికొస్తుంది.

రిబ్బను కొలవండి. పదిహేడుంపావు అంగుళాలు.

ఇక కాగితం, కలం. అంత దూరం ఊగడానికి, చెక్క నడిబొడ్డు దెబ్బ తిన్న వెంటనే సెకనుకు మూడుంపావు అడుగుల వేగంతో కదిలి ఉండాలి. గుండుకు ముందున్న ద్రవ్యవేగమే ఇప్పుడు గుండూ దిమ్మె కలిసిన జంటకు ఉంది. జంట బరువు గుండుకు 505 రెట్లు కాబట్టి గుండు వేగం 3.25 కి 505 రెట్లు. సెకనుకు 1,641 అడుగులు. మీటర్లలో అయిదు వందలు, గంటకు 1,800 కిలోమీటర్లు. గాలిలో శబ్దం కన్నా వేగం. నిజానికి గుండు చెక్కలో దిగబడిన తర్వాతే తుపాకీ చప్పుడు చెక్క దాకా చేరింది. ఆ తేడా మీ చెవికి అందదు, రిబ్బనుకు అందింది.

ఈ నియమం రాబిన్స్ కనిపెట్టింది కాదు. ఢీకొని అతుక్కుపోయే వస్తువుల లెక్కను జాన్ వాలిస్ 1668లోనే రాయల్ సొసైటీకి పంపాడు. ఎగిరి విడిపోయే వాటి లెక్కను క్రిస్టఫర్ రెన్, హైగెన్స్ ఆ వెంటే పంపారు. తర్వాత న్యూటన్ వాటిని తన మూడో నియమం కింద ఒకే గూటికి చేర్చాడు. రాబిన్స్ చేసింది ఆ లెక్కను తిరగేసి వాడుకోవడం. పట్టలేని వేగాన్ని ఒక బరువైన దిమ్మెకు అప్పగించి, 505 ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్కను అంగుళాల బద్దతో కొలిచాడు.

ఇందాకటి అనుమానాన్ని ఇప్పుడు బయటికి తీయండి. ఇంత పేలుడుకు ఇంత ఊపేనా?

గుండు గతిజశక్తి ఎంతో చూద్దాం. 38 గ్రాములు, సెకనుకు 500 మీటర్లు: సుమారు 4,700 జౌళ్లు. దెబ్బ తర్వాత లోలకం గురుత్వ కేంద్రం ఒకటిన్నర అంగుళం పైకి లేచింది. పాతిక కిలోల వస్తువు ఒకటిన్నర అంగుళం లేవడానికి తొమ్మిదిన్నర జౌళ్లు చాలు. వచ్చింది 4,700. మిగిలింది తొమ్మిదిన్నర. అయిదు వందల అయిదింట ఒక వంతు. మళ్లీ అదే అంకె. వేగం 505 వంతులైంది, శక్తిలోనూ 505లో ఒక్క వంతే బతికింది. నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు మించి పోయింది.

ఎక్కడికి పోయిందో చూడాలంటే ఆ దెబ్బలోకే దిగాలి. గుండు ముక్కు చెక్కను తాకిన చోట కాలాన్ని ఆపండి.

గుండు అయిదంగుళాల లోతు దిగి నిలిచిందనుకుందాం. దిగడానికి పట్టే కాలం సెకనులో రెండు వేలో వంతు. ఆ కాలాన్ని సాగదీసి, మెల్లగా నడిపించండి. సీసం ముందు భాగం చదునవుతోంది. చెక్క నారలు వంగి, తెగి, పక్కలకు నలుగుతున్నాయి. వాటి వెనకున్న నారలు ఇంకా ఏమీ ఎరుగనట్టు నిటారుగా ఉన్నాయి. మరుక్షణం వాటి వంతు. గుండును చెక్క వెనక్కి నెడుతోంది, అంతే బలంతో గుండు చెక్కను ముందుకు నెడుతోంది. ఆ బలం సగటున దాదాపు 3,800 కిలోల బరువుకు సమానం. దిగుతున్న కొద్దీ బలం హెచ్చవచ్చు, తగ్గవచ్చు, కొమ్మ కణుపు అడ్డొస్తే ఒక్కసారిగా ఎగబాకవచ్చు. ఏం జరిగినా గుండు మీద ఎంతో చెక్క మీదా అంతే. ఎంతసేపు గుండు మీద ఉందో అంతసేపే చెక్క మీదా ఉంది. ఎవరికీ రెప్పపాటు ఎక్కువ లేదు, తక్కువ లేదు. బలాన్ని కాలంతో గుణిస్తే ద్రవ్యవేగంలో మార్పు వస్తుంది. కాబట్టి ఒకరు పోగొట్టుకున్నది ఇంకొకరికి అణుమాత్రం తేడా లేకుండా చేరాల్సిందే. నార తెగిందా, సీసం నలిగిందా, వేడెక్కిందా అని ఈ ఖాతా అడగదు.

శక్తి ఖాతా అలాంటిది కాదు. అక్కడ గుణించాల్సింది కాలంతో కాదు, దూరంతో. ఇప్పుడు దూరాలు చూడండి. ఆ రెండు వేలో వంతు సెకనులో గుండు అయిదంగుళాలు, అంటే 127 మిల్లీమీటర్ల పైచిలుకు ముందుకు పోయింది. అదే సమయంలో దిమ్మె ఎంత కదిలింది? దానికి అప్పుడప్పుడే చలనం వస్తోంది. కదిలింది పావు మిల్లీమీటరు. బలం ఒకటే, కాలం ఒకటే, దూరాలు మాత్రం ఒకటి 127, ఒకటి పావు. గుండు 127 మిల్లీమీటర్ల పొడవునా పని చేసి శక్తి ఖర్చు పెట్టింది. దిమ్మెకు ముట్టింది పావు మిల్లీమీటరు మేరకే. మిగతాదంతా ఈ రెండు దూరాల తేడాలో ఉంది. ఆ తేడా పేరే చెక్కలో పడిన గొయ్యి.

నాకు తెలిసినంతలో అస్థితిస్థాపక అభిఘాతాన్ని ఇంతకన్నా సూటిగా చెప్పే దారి లేదు. పాఠ్యపుస్తకాలు "ఇందులో ద్రవ్యవేగం నిలకడగా ఉంటుంది, గతిజశక్తి ఉండదు" అని రెండు ముక్కల్లో తేల్చేసి లెక్కలోకి వెళ్లిపోతాయి. ఎందుకు అది నిలుస్తుంది, ఇది పోతుంది అని అడిగిన పిల్లవాడికి జవాబు ఆ గొయ్యిలో ఉంది. తగిలిన ఇద్దరికీ కాలం ఉమ్మడి, దూరం ఉమ్మడి కాదు.

ఆ నాలుగు వేల ఏడు వందల జౌళ్లు ఎంత? మొత్తం సీసంలోకే పోయిందనుకుంటే ఆ గుండును ఒకసారి కాదు, రెండుసార్లు కరిగించగలదు. నిజానికి చెక్క కూడా పంచుకుంటుంది కాబట్టి అంతదాకా రాదు. నీళ్లలోకి పంపితే మూడు చెంచాల నీళ్లు మరుగుతాయి. అంత పొగకూ అంత మోతకూ చెక్కలో చివరికి మిగిలేది ఆ కాస్త వేడి.

ఇంటర్ పరీక్షలో ఈ లెక్క వస్తే తొందరపడే విద్యార్థులు ఒక పొరపాటు చేస్తారు. లోలకం లేచిన ఎత్తు నుంచి శక్తి కట్టి, అదే గుండు శక్తి అనుకుని వేగం రాబడతారు. రాబిన్స్ అలా చేసి ఉంటే ఏం వచ్చేదో చూడండి. 3.25 ని 505 వర్గమూలంతో గుణించాలి. వచ్చేది సెకనుకు 73 అడుగులు, గంటకు 80 కిలోమీటర్లు. హైవే మీద బస్సు వేగం. తుపాకీ గుండుకు బస్సు వేగమే ఉంటే సైన్యాలు పరిగెత్తి తప్పించుకునేవి. దెబ్బ తగిలేటప్పుడు ద్రవ్యవేగం లెక్క, తగిలాక పైకి లేచేటప్పుడు శక్తి లెక్క. మధ్యలో సెకనులో రెండు వేలో వంతు గడప ఒకటి ఉంది. దాన్ని శక్తి లెక్కతో దాటడం కుదరదు.

రాబిన్స్‌కు ఆ గడప కొత్త కాదు. ఇరవై ఏళ్ల వయసులో, 1728లో, యోహాన్ బెర్నూలీ మీద ఖండన రాశాడు. అప్పట్లో యూరప్‌లో అదొక పెద్ద తగువు. కదిలే వస్తువు బలాన్ని దేనితో కొలవాలి? బరువును వేగంతో గుణించా, వేగ వర్గంతో గుణించా? లైబ్నిజ్ 1686లో వర్గమే అన్నాడు, ఆ రాశికి తర్వాత సజీవ బలం అని పేరు పెట్టాడు. బెర్నూలీ ఆ పక్షం. ఇంగ్లండు పండితులు న్యూటన్ మీది భక్తితో అవతలి పక్షం. లైడెన్ నగరంలో ఖ్రావెసాండె అనే ఆచార్యుడు ఇత్తడి గుళ్లను మెత్తటి బంకమట్టిలోకి వదిలాడు. వేగం రెట్టింపైతే గొయ్యి నాలుగింతలైంది. 1722లో ఆ సంగతి అచ్చు వేసి, తాను అంతకుముందు ఉన్న పక్షం వదిలి లైబ్నిజ్ వైపు వెళ్లిపోయాడు. 1740లో ఎమిలీ దు షాత్లే తన భౌతికశాస్త్ర గ్రంథంలో ఆ పక్షాన్నే గట్టిగా నిలబెట్టింది.

వాళ్లందరినీ ఈ ముక్కాలి దగ్గరికి పిలిచి నిలబెట్టాలనిపిస్తుంది. ఖ్రావెసాండె నేరుగా చెక్క దగ్గరికి వెళ్లి గొయ్యిలో పుల్ల పెట్టి లోతు చూసేవాడు. రాబిన్స్ అటు చూడకుండా రిబ్బను దగ్గర కూర్చునేవాడు. ఒకే దెబ్బకు రెండు సాక్ష్యాలు. గొయ్యి శక్తి సంగతి చెబుతుంది, రిబ్బను ద్రవ్యవేగం సంగతి చెబుతుంది. ఇద్దరూ సరైన కొలతే తీసి, ఎదుటివాడిది తప్పు కొలత అనుకున్నారు. తగువులన్నీ ఇంత శుభ్రంగా తెగవు, ఇది తెగింది.

వేడి సంగతి అప్పటికి ఎవరి ఖాతాలోనూ లేదు. పోయిన సజీవ బలం లోపలి రేణువుల్లో దాగి ఉంటుందని లైబ్నిజ్ ఊహించాడు, అంతే. రాబిన్స్ లోలకాన్నే వాడుకుని 1778లో బెంజమిన్ థాంప్సన్ తుపాకీమందు మీద ప్రయోగాలు చేశాడు. గుండు పెట్టి కాల్చినప్పటి కన్నా ఉత్త మందు పేల్చినప్పుడే గొట్టం ఎక్కువ వేడెక్కుతోందని గమనించాడు. ఇరవై ఏళ్ల తర్వాత, కౌంట్ రమ్‌ఫర్డ్ అనే బిరుదుతో, మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడి గురించి 1798లో అచ్చువేసిన వ్యాసం ఆ దారిలోదే. జౌల్ వచ్చి ఎంత పనికి ఎంత వేడో 1840లలో తూచి చెప్పేదాకా గొయ్యిలో పోయిన సొమ్ముకు రసీదు లేదు.

పొగ విడిపోయింది. చెక్క దగ్గరికి రండి. రంధ్రం చుట్టూ నారలు బయటికి రేగి ఉన్నాయి. సీసం లోపలే ఉంది, ఉండాలి కూడా. లెక్క మొత్తం దాని మీదే నిలబడింది. అది వెనక్కి ఎగిరి ఉంటే? వెనక్కి పోయే గుండు తాను తెచ్చిన ద్రవ్యవేగం ఇవ్వడమే కాక, ఎదురు దిక్కుకు తిరగడానికి ఇంకాస్త నెట్టి పోతుంది. చెక్క బదులు ఏమాత్రం నలగని గట్టి పదార్థం ఉండి, గుండు కూడా అలాంటిదే అయితే లోలకం వేగం దాదాపు రెట్టింపయ్యేది. రిబ్బను ముప్ఫై నాలుగున్నర అంగుళాల దాకా వచ్చేది, రాబిన్స్ గుండు వేగం మూడు వేల పైచిలుకు అడుగులని రాసుకునేవాడు. గుండు అతుక్కుపోవాలి. శక్తి పోవాలి. ఈ పనిముట్టు నష్టం మీద బతుకుతుంది. మెత్తటి సీసం, చీలిపోయే చెక్క ఎంచుకోవడంలో ఉన్న తెలివి అదే. విచిత్రం ఇంకొకటి: నష్టమే లేని ఆ గట్టి దెబ్బలో కూడా లోలకానికి దక్కేది గుండు శక్తిలో నూటికి ఒక పాలు లోపే. మిగతాది గుండే వెనక్కి పట్టుకుపోతుంది. చిన్న వస్తువు పెద్ద వస్తువుకు తన ద్రవ్యవేగం అప్పగించగలదు గానీ శక్తి అప్పగించడం దాని వల్ల కాదు.

తర్వాతి గుండుకు ముందు ఒక సవరణ. లోలకం బరువు ఇందాకటిది కాదు. దిగబడిన సీసం ఔన్సూ మూడో వంతు ఉంది. పది సార్లు కాలిస్తే దాదాపు పౌండు పెరుగుతుంది, ఆ మేరకు ప్రతిసారీ అంకె మార్చుకోవాలి. చెక్క చీలిపోతే దిమ్మె మార్చి మళ్లీ తూచాలి, మళ్లీ ఊపులు లెక్కపెట్టాలి.

ఇంతవరకూ ఒక్క అంకె వచ్చింది. రాబిన్స్‌కు ఒక అంకెతో తృప్తి లేదు. పనిముట్టు చేతికొచ్చాక దాన్ని ఎక్కడెక్కడ నిలబెట్టవచ్చో చూశాడు. లోలకాన్ని తుపాకీ మూతికి 25 అడుగుల దూరంలో ఉంచి కాల్చాడు. 75 అడుగులకు జరిపి అదే మందు, అదే బరువు గుండుతో కాల్చాడు. 125 అడుగులకు జరిపి మళ్లీ.

మీరూ ఆ బరువైన ముక్కాలిని ఒక కొస పట్టుకుని జరపండి. యాభై అడుగులంటే పదిహేను పదహారు పెద్ద అంగలు. ముక్కాలి నిలబెట్టి, ఇరుసు మట్టం సరిచూసి, రిబ్బను బిగువు చూసి, గుర్తు పెట్టి, పక్కకు రండి. పేలింది. కొలవండి. రిబ్బను ఈసారి తక్కువ వచ్చింది. ఇంకో యాభై అడుగులు. ఇంకా తక్కువ.

25 అడుగుల దగ్గర వేగం సెకనుకు 1,670 అడుగులు. 75 దగ్గర 1,550. 125 దగ్గర 1,425.

ఆ యాభై అడుగుల్లో గుండుకు అడ్డు ఏమీ లేదు. గాలి తప్ప. గుండు తన ముందున్న గాలిని ఢీకొంటోంది, దానికి తన వేగంలో వాటా పెడుతోంది, తోసుకుని ముందుకు పోయి ఇంకాస్త గాలిని ఢీకొంటోంది. చెక్కలో ఒక్కసారిగా జరిగింది ఇక్కడ దారి పొడవునా జరుగుతోంది. ద్రవ్యవేగం గాలికి చేరుతోంది, శక్తిలో చాలా భాగం చివరికి సుడులుగా, వేడిగా మారి పోతోంది. మొదటి యాభై అడుగుల్లోనే గుండు తన గతిజశక్తిలో ఏడో వంతు వదులుకుంది, దాదాపు 680 జౌళ్లు. ఇందాక లోలకం మొత్తం ఊపుకు సరిపోయింది తొమ్మిదిన్నర. అంత వేగం తగ్గాలంటే గాలి గుండును వెనక్కి ఎంత బలంతో నెట్టి ఉండాలో కట్టి చూస్తే పది పౌండ్లు తేలుతుంది. గుండు బరువు పౌండులో పన్నెండో వంతు. తన బరువుకు నూట ఇరవై రెట్ల బలాన్ని, కంటికి కనిపించని దాన్ని, ఎదుర్కొంటూ పోతోంది.

అప్పటిదాకా ఫిరంగి గ్రంథాలు రాసినవాళ్లు, గెలీలియో శిష్యపరంపరతో సహా, బరువైన గుండుకు గాలి లెక్కలోది కాదన్నారు. గుండు పరావలయంలో పోతుందని గీసి, పట్టికలు వేసి, సేనాపతులకు అంకితమిచ్చారు. బెర్లిన్‌లో లియొనార్డ్ ఆయిలర్ 1745లో రాబిన్స్ పుస్తకాన్ని జర్మన్‌లోకి దించాడు. అసలు కన్నా తన వ్యాఖ్యానమే ఎన్నో రెట్లు ఎక్కువ రాసి, కొన్ని చోట్ల తప్పులెన్నుతూనే, దాన్ని ఫిరంగి విద్యకు మూలగ్రంథం చేశాడు. రాబిన్స్‌కు రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. తర్వాత ఈస్టిండియా కంపెనీ అతన్ని కోటలు బాగు చేయించడానికి మన తీరానికి పంపింది. 1750లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటకు చేరాడు. ఆ కోటకూ చెన్నపట్నం కోటకూ నమూనాలు గీస్తూ ఏడాది గడవగానే జ్వరంతో 1751 జూలై 29న అక్కడే పోయాడు. గుండ్ల వేగం కొలిచినవాడికి ఆ గుండ్లను ఆపే గోడల పని అప్పగించడం కంపెనీ చేసిన తెలివైన పనుల్లో ఒకటి.

పరావలయం పట్టికల్లోంచి ఒక్క అంకె తీసి చూద్దాం. సెకనుకు 1,700 అడుగుల వేగంతో గుండును నలభై అయిదు డిగ్రీల వాలులో వదిలితే, గాలి లేదనుకున్న లెక్కలో అది పదిహేడు మైళ్ల అవతల పడాలి. ఏ సిపాయినైనా అడగండి, తుపాకీ గుండు మైలు కూడా పోదంటాడు. ఆ తేడా ఎక్కడ పోతోందో తెలుసుకోవడానికి లోలకాన్ని పదిహేడు మైళ్లు మోసుకెళ్లనక్కర్లేకపోయింది. 125 అడుగులకే తేలిపోయింది.